కంచె మీది సొరపాదు

మొగిలికోటను ఏలిన ఉద్దండరాయుడికి యుద్ధాలంటే భయం, రాజకార్యాలంటే బద్ధకం. భోజనమంటే మాత్రం మహా శ్రద్ధ. ఒక మధ్యాహ్నం సొరకాయ పులుసు మారు వడ్డించుకుని, విస్తరి ముందు నుంచే ఆజ్ఞ జారీ చేశాడు.

"ఇంత లేత కాయ కాసిన పాదును కళ్లారా చూడాలి. దాన్ని పెంచినవాళ్లకు తీగ పాకినంత మేర నేల రాసిస్తాను!"

ఆ కాయ కానుకగా పంపిన ఉద్యానాధికారి పురుషోత్తమరాయలు పక్కనే ఉన్నాడు. "మా పెరటి పాదే ప్రభూ! స్వయంగా నా చేతులతో పెంచాను" అన్నాడు.

రాయలుగారి చేతులకు మట్టి అంటగా చూసినవాళ్లు ఆ రాజ్యంలో లేరు. చెట్ల మీద శ్లోకాలు మాత్రం ధారాళంగా చదువుతాడు. రాజుగారి తోటలో గులాబీలు నిలువునా ఎండిపోతే, అవి శాస్త్రప్రకారమే ఎండాయని నిండుసభలో నిరూపించి శాలువా కప్పించుకున్న ఘనుడు.

ఈ సంగతి సాయంత్రానికల్లా పాలెం వీధికి చేరింది. రాయలు పొరుగింటి సూరమ్మ పరుగున వచ్చి కోట వాకిట్లో చతికిలబడింది.

"ఆ విత్తు పెట్టింది నేను దొరా! పాదు మొదలు సరిగ్గా మా ఇద్దరి కంచెలో ఉంది. తీగేమో నా గేదెల పాక మీదికి పాకింది. నేల ఆయనకు రాసిస్తే నా పాక పోతుంది. గేదెను నా నెత్తిన కట్టుకోనా?"

గేదె పాలు అమ్ముకునే మనిషికి పాక పోతే ఇంక మిగిలేదేముంది? రాజుకు జాలి వేసింది. కానీ మాట ఇచ్చేశాడాయె. తమలపాకులు చుడుతున్న చెంచయ్య వైపు చూశాడు. రాజుకు తాంబూలం అందించడం చెంచయ్య కొలువు. చిక్కుముడులు విప్పడం జీతం లేని కొలువు.

"చెంచయ్యా, పొద్దున్నే పాలెం వీధికి పోదాం. అది ఎవరి పాదో నువ్వు తేల్చాలి. తేల్చలేకపోతే మా అధికారి మాటే చెల్లుతుంది."

తెల్లారాక రాజుగారి పల్లకీ పాలెం వీధిలో దిగింది. ముగ్గులు వేస్తున్నవాళ్లు, పిడకలు కొడుతున్నవాళ్లు, పక్కింట్లోకి మజ్జిగ కోసం బయల్దేరినవాళ్లు, అందరూ కంచె చుట్టూ మూగారు.

"ఈ పాదు ఎవరు పెట్టారో చూసినవాళ్లున్నారా?" అని రాజు అడిగాడు.

పొరుగింట్లో ఏ పూట ఏం కూర వండారో వాసన పట్టి చెప్పగల వీధి అది. అయినా ఆ క్షణాన అందరికీ ఆకాశంలో ఏదో ముఖ్యమైన పని పడింది. ఆ వీధి పెరళ్లకు కాలవ నీళ్లు వదిలించేది రాయలుగారే మరి.

రాయలు మీసం సవరించుకున్నాడు. "సాక్షులెందుకు ప్రభూ? ఈ తీగను చూస్తే నా పాండిత్యం కనబడటం లేదూ?"

"ఆకు ఆకునా కనబడుతోంది" అన్నాడు చెంచయ్య. "అందుకే ఒక్క మనవి. పిందెలు ఆకుల చాటున దాగున్నాయి. ఏవి ఎక్కడున్నాయో పెంచిన చేత్తో మీరే ప్రభువుకు చూపించండి."

రాయలు పొంగిపోయాడు. ఉంగరం తళుక్కుమనేలా చూపుడు వేలు బారుగా చాపాడు. "అదిగో ప్రభూ, ఆ వాసం పక్కన!"

సూరమ్మ పళ్లు పటపట కొరికింది. అధికారి కదా, ఎలాగో నోరు నొక్కుకుంది.

"ఇదిగో, పువ్వు రాలని పిందె!" రాయలు వేలు ఇంకా ముందుకు పోయింది.

సూరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

రాజుకూ సరదా పుట్టింది. "ఏదీ, ఆ నూగు పిందేనా?" అంటూ తన వేలు కూడా చాపాడు.

ఫెడీమని ఒక దెబ్బ పడింది. రాజుగారి చేతి మీదే!

"పిందెకు వేలు చూపిస్తారా ఎవరైనా? కుళ్లి రాలిపోదూ! చూపించాలంటే వేలు మడిచి చూపించాలని మీ ఇంట్లో చెప్పలేదా?" అని కసిరింది సూరమ్మ. కసిరాక గాని తను కొట్టింది ఎవరినో తెలియలేదు. రెండు చేతులూ జోడించి అక్కడే కూలబడింది.

"రాజద్రోహం!" రాయలు గొంతు చించుకున్నాడు. "పట్టుకోండి దాన్ని!"

చెంచయ్య నింపాదిగా అడ్డం వచ్చాడు. "రాయలుగారూ, ఆమె సంగతి తర్వాత చూద్దాం. మీ పిందెకు మీరే వేలు చూపించారేం?"

రాయలు తెల్లబోయాడు. "చూపిస్తే ఏమవుతుంది?"

వీధి వీధంతా గొల్లున నవ్వింది. కాలవ నీళ్ల భయం కూడా ఆ నవ్వును ఆపలేకపోయింది. ఒక ముసలమ్మయితే పేడ చేతుల్తోనే నోరు మూసుకోబోయి ఆగిపోయింది.

చెంచయ్య రాజు వైపు తిరిగి వంగి దణ్ణం పెట్టాడు.

"తేల్చమన్నారు కదా ప్రభూ! పిందె మీద ప్రాణం ఎవరికుందో మీ చెయ్యే చెప్పాలి."

రాజు ఎర్రబడిన చేతిని చూసుకున్నాడు. తర్వాత ఆయన పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

"చిన్నప్పుడు మా నాయనమ్మ చేతిలో తిన్నాను సరిగ్గా ఇలాంటి దెబ్బ! లే సూరమ్మా. పాదు నీది, పాక నీది, కంచె కింది నేలా నీదే."

దెబ్బ తిన్న చేతి కంకణం తీసి చెంచయ్య చేతికి తొడిగాడు. తర్వాత రాయలు వైపు చూశాడు.

"మీరు స్వయంగా మీ చేతులతో పెంచానన్నారుగా? ఆ మాట అబద్ధం కాకూడదు. ఈ పూట నుంచి ఈ పాదుకు రోజూ మీరే నీళ్లు మోసి పొయ్యండి."

సూరమ్మ కళ్లు తుడుచుకుంటూ లేచింది. "దొరా, ఆ నీళ్లు పాదు మొదట్లో పొయ్యమని కూడా చెప్పండి. ఆయనకు అదీ తెలుసో లేదో!"