వాసన లేని గుడాకు

పొగాకు, బెల్లం, గులాబీ రేకులు కలిపి రాజుగారి హుక్కాకి గుడాకు చేసేది సూరాలు. ఆ పూట రాజుగారు ఒక్కసారి పీల్చి గొట్టం విసిరేశారు.

"గులాబీ ఏదే? ఉత్త మట్టి కలిపావా? నీ చెయ్యి నరికిస్తాను."

మంత్రి గొట్టం అందుకుని పీల్చాడు. గులాబీ గుప్పుమంది. అయినా, "నిజమే ప్రభూ, వాసనే లేదు," అన్నాడు. సభంతా తలూపింది.

రాజుగారు ముక్కుతో మాట్లాడుతున్నారని సూరాలు అప్పుడు గమనించింది. 'తమకు జలుబు చేసింది ప్రభూ' అంటే చెయ్యి కాదు, తలే పోతుంది.

"తప్పయింది ప్రభూ, మళ్ళీ కలుపుతాను," అని బయటికెళ్ళి, గుమ్మం దగ్గర విడిచిన తన పాత చెప్పులోంచి తోలుముక్క కోసి తెచ్చి హుక్కా నిప్పు మీద వేసింది.

రాజుగారు గులాబీ వాసన కోసం వెతుకుతూ తాపీగా పీలుస్తున్నారు. మంత్రితో సహా సభంతా ఉత్తరీయాలతో ముక్కులు మూసుకుంది.

"ముక్కులు మూసుకున్నారేమయ్యా?"

మంత్రి గబుక్కున ఉత్తరీయం దించేశాడు. సభంతా దించేసింది.

"ఇందాక వాసన లేదన్నది వాళ్ళే ప్రభూ, వాళ్ళనే చెప్పమనండి," అంది సూరాలు.

రాజుగారు మెల్లిగా తన ముక్కు తడుముకున్నారు.