గులకమిట్ట మీద నాలుగు గుడ్లు

నల్లకోన అడవిలో దుప్పులు, కణుజులు, కుందేళ్లు, అడవిపందులు, ముళ్లపందులు ఉండేవి. వాగు ఒడ్డున గులకరాళ్ల మిట్ట మీద మాత్రం ఈరమ్మ అనే తీతువు పిట్ట ఒక్కతే ఉండేది.

తీతువు గూడు కట్టదు. రాళ్ల మధ్యే గుడ్లు పెడుతుంది. అవి కూడా రాళ్ల రంగులోనే ఉంటాయి. ఆ ఏడు ఈరమ్మ నాలుగు గుడ్లు పెట్టి, ఎండకు రెక్కలు చాచి వాటికి నీడ పట్టింది.

వాగు వెంట వేటాడే రేచుకుక్కల గుంపు వస్తే చాలు, ఈరమ్మ గొంతు చించుకుని అరిచేది. ఆ అరుపు విని అడవిలో గడ్డి తినేవన్నీ పరుగెత్తి ప్రాణాలు దక్కించుకునేవి. ప్రమాదం దాటాక మాత్రం, "పాడు పిట్ట! దాని అరుపే అరిష్టం" అని తిట్టుకునేవి.

అడవి సభకు పెద్ద ఒక దుప్పి. తన కొమ్ములంటే దానికి మహా గర్వం. మిట్ట మీద అంగడి పెట్టిస్తే తన పేరు నాలుగు అడవుల్లో మారుమోగుతుందని ఆశ పుట్టింది. ఆ స్థలంలో ఎవరైనా ఉన్నారేమో చూసి రమ్మని ముళ్లపందిని పంపింది.

ముళ్లపంది మిట్టంతా తిరిగి, హద్దులకు గుర్తుగా నాలుగు మూలలా తన ముళ్లు నాలుగు పాతింది. ఈరమ్మ ఎదురొచ్చింది.

"బాబూ, ఇక్కడ నా ఇల్లుంది."

"ఏదమ్మా? నాకు బొరియ కనబడదే!"

"బొరియ లేదు. ఇవిగో, నా గుడ్లు."

"బొరియ లేదు, గూడూ లేదు. ఖాళీ స్థలమనే చెబుతాను," అని ముళ్లపంది వెళ్లిపోయింది.

ఈరమ్మ పరుగున సభకు వెళ్లింది. "అయ్యా, పది రోజులు ఆగండి. మా పిల్లలు గుడ్డులోంచి వచ్చిన రోజే నడుస్తాయి. నేనే వాటిని తీసుకుని వెళ్లిపోతాను."

"ముహూర్తం ఎల్లుండికే పెట్టేశాం," అంది దుప్పి. "వాగు అవతల బురద నేల నీకిస్తున్నాం కదా!"

"బురదలో గుడ్లు కుళ్లిపోతాయయ్యా."

"ఇల్లే లేనిదానికి అదే ఎక్కువ."

"తమరికి మాత్రం ఇల్లేది? చెట్టు కిందే కదా పడుకుంటారు?"

ముళ్లపంది గబుక్కున అందుకుని, "దొరవారికి అడవంతా ఇల్లే!" అంది. సభలోనివన్నీ తలలూపాయి. ఈరమ్మ అరుపుతో బతికి బట్టకట్టిన తలలే అవన్నీ. సిగ్గులేని సభ!

మర్నాడే అడవిపందులు మిట్టను చదును చేయడానికి వచ్చాయి. ఈరమ్మ రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ వాటి ముందు కుంటింది. అలా కుంటితే రేచుకుక్కలు తన వెంటపడేవి, గుడ్లు బతికేవి. పందులు తల కూడా ఎత్తలేదు. సాయంత్రానికి ఆ నేల మీద నాలుగు గుడ్ల పెంకులు మిగిలాయి. ఈరమ్మ వాటి చుట్టూ తిరిగి తిరిగి ఏడ్చి, పక్క కోనకు ఎగిరిపోయింది.

అంగడి ఘనంగా మొదలైంది. ఇప్పపూలు, ఉసిరికాయలు రాశులుగా పడ్డాయి. అడవంతా అక్కడే చేరింది. నెల తిరక్కముందే ఒకనాడు మధ్యాహ్నం రేచుకుక్కలు వాగు వెంట వచ్చాయి. ఎవరూ అరవలేదు. ఇప్పపూలలో ముఖం పెట్టినవి పెట్టినట్టే దొరికిపోయాయి. ముళ్లపంది బొరియలో దూరి బతికింది. దుప్పి కూన మాత్రం తండ్రి కళ్లముందే పోయింది.

దుప్పి పక్క కోనకు పోయి ఈరమ్మ ముందు కొమ్ములు వంచింది. "తల్లీ, రా! అంగడి నడుమ నీకు ఎత్తయిన రాయి వేయిస్తాం. దాని మీద కూర్చుని అరుద్దువు గాని."

"కూన పోయిన బాధ నాకు తెలుసయ్యా," అంది ఈరమ్మ. "కానీ నేనెప్పుడూ మీ కోసం అరవలేదు. నా గుడ్ల కోసం అరిచాను. ఆ అరుపు చాటున మీరు బతికారు. ఇప్పుడు నా గుడ్లు ఇక్కడున్నాయి. నా అరుపూ ఇక్కడే."

అని రెక్కలు చాచి, కొత్తగా పెట్టిన రెండు గుడ్లకు నీడ పట్టింది.

ఇప్పుడా మిట్ట మీద అంగడీ లేదు, అరుపూ లేదు. ముళ్లపంది పాతిన నాలుగు ముళ్లు మాత్రం ఉన్నాయి.

నీతి: బలహీనుల ఇంటిని ఖాళీ స్థలమని కొట్టిపారేసేవారు, తమను కాపాడుతున్నదేదో అది పోయాకే తెలుసుకుంటారు.