మూణ్ణెల్లు పిలవని పిలుపు

అనగనగా కొల్లేటి నడుమ ఒక లంక ఊళ్ళో బాతులు కాసుకునే పిల్ల ఒకతి ఉండేది. పెద్దింట్లమ్మ తల్లికి మొక్కుకుంటే పుట్టిందని దానికి పెద్దింట్లు అని పేరు పెట్టారు. దానికో కుక్క. ఒళ్ళంతా నలుపు, నుదుటి మీద మాత్రం తెల్లటి చుక్క. అందుకని దాని పేరు చుక్క.

సాయంత్రమయ్యేసరికి పెద్దింట్లు గట్టు మీద నించుని "దా దా దా" అని పాటలా పిలిచేది. ఆ పిలుపు వింటే చాలు, చుక్క బాణంలా పోయి బాతులన్నిటినీ చుట్టి తోలుకొచ్చేది. అప్పుడు పొద్దు గుంకుతూ ఉంటే, కొల్లేరంతా కుంకుమ కలిపినట్టుండేదమ్మా.

అలా ఉండగా ఒకనాడు చుక్క దగ్గింది. చేపలు తినే లంకలో ఎవరు దగ్గినా మొదటి మాట ఒకటే.

"గొంతులో ముల్లు దిగింది," అన్నాడు వాళ్ళ నాన్న వీర్రాజు.

పొడి అన్నం ముద్ద మింగించారు. దగ్గు పోలేదు. అప్పుడు అరటిపండు మింగించారు. పోలేదు. ఆ తర్వాత వీర్రాజు దాని నోట్లో వేలు పెట్టి వెతికాడు. ముల్లు దొరకలేదు గానీ వేలికి పంటిగాటు పడింది.

"నేను దగ్గితే చూసే దిక్కు లేదు. కుక్క దగ్గితే రాజవైద్యం!" అని పక్కింటి అచ్చియ్యమ్మ మూతి తిప్పింది.

ఆ తర్వాత చుక్క పరుగులో బాతులకన్నా వెనకబడింది. ఆ తర్వాత ఒకనాడు నీళ్ళ అంచునే కూలబడిపోయింది. బాతులు దాని చుట్టూ మూగి ముక్కులతో పొడిచినా లేవలేదు.

ఏడవకు, విను. చచ్చిపోలేదు.

వీర్రాజు దాన్ని దోనెలో పడుకోబెట్టి ఒడ్డుకి చేర్చాడు. అక్కడ పశువుల డాక్టరమ్మ బొట్టు రక్తం తీసి భూతద్దం కింద చూసింది. పెద్దింట్లుని కూడా చూడమంది. వెంట్రుక కన్నా సన్నటివి మెలికలు తిరుగుతున్నాయి.

"ఇవి పురుగు పిల్లలు. వీటి తల్లులు దారాల్లా గుండె పక్కన చేరి ఉన్నాయి. దోమకాటుతో వచ్చాయి," అంది డాక్టరమ్మ. "ముందు మాత్రలు, ఆ తర్వాత మూడు సూదులు. కానీ పురుగులు చచ్చి, ముక్కలై, కరిగిపోయేదాకా కుక్క పరిగెత్తకూడదు. పరిగెత్తిందో, ఆ ముక్కలు ఊపిరికి అడ్డం పడతాయి. ప్రాణానికే ముప్పు."

"ఎన్నాళ్ళండీ?"

"మూణ్ణెల్లు."

పెద్దింట్లు చుక్క వైపు చూసింది. పిలుపు వింటే ఆగే కుక్కా అది?

మొదటి సూది పడిన సాయంత్రమే వీర్రాజు కూతుర్ని పిలవబోయి అలవాటు కొద్దీ "దా" అనేశాడు. కట్టేసి ఉన్న చుక్క తాడు తెంపుకోబోయింది. పెద్దింట్లు దాని మీద పడి గట్టిగా పట్టుకుంది. అరచేతి కింద దాని గుండె, గుప్పిట్లో చిక్కిన పిచ్చికలా కొట్టుకుంది. వీర్రాజు చెంపలేసుకున్నాడు.

ఆ రోజు నుంచి లంకలో ఎవరూ "దా" అనలేదు. అచ్చియ్యమ్మ కూడా మనవణ్ణి అన్నానికి "వేంచేయండి బాబూ" అని పిలిచేది! బాతులకి మాత్రం పెద్దింట్లు నత్తల బుట్ట గలగలలాడించేది. కొన్ని వచ్చేవి, కొన్ని వచ్చేవి కావు.

మూడో సూది పడ్డాక ఒక సాయంత్రం ఈదురుగాలి లేచింది. బాతులు చెల్లాచెదురై కిక్కిసలోకి, నీళ్ళలో మొలిచే ఆ రెల్లు చాటుకి కొట్టుకుపోతున్నాయి. గాలి హోరులో బుట్ట చప్పుడు వాటికి వినబడ్డం లేదు. ఒక్క కేక వేస్తే చాలు. పెద్దింట్లు నోరు తెరిచింది. ఇంటి వైపు చూసింది. చుక్క చెవులు నిక్కబొడుచుకుని, ఎప్పుడు పిలుస్తుందా అని దాని నోటినే చూస్తోంది.

పెద్దింట్లు పైట కొంగు నోట్లో కుక్కుకుంది. మొలలోతు నీళ్ళలో దిగి, దొరికినవాటిని చేతులతో తోలుకొచ్చింది. పదకొండు బాతులు రాలేదు.

"ఏమంటావు నాన్నా?" అంది వణికిపోతూ.

"ఏమంటాను? గుడ్లు పొదిగితే బాతులొస్తాయి. చుక్క వస్తదా?" అని వీర్రాజు కూతురి తల తుడిచాడు.

మూణ్ణెల్లూ అయ్యాయి. డాక్టరమ్మ గుండె చప్పుడు విని, నవ్వి, మళ్ళీ పురుగు పట్టకుండా నెలకొక మాత్ర ఇచ్చింది.

"ఎండాకాలం మానేద్దామాండీ?" అన్నాడు వీర్రాజు.

"కొల్లేటి దోమకి సెలవులున్నాయా?"

అప్పట్నుంచి ప్రతి అమావాస్యకీ చుక్కకి చేప ముక్కలో మాత్ర.

ఆ సాయంత్రం పెద్దింట్లు గట్టెక్కింది. "దా," అంది మెల్లగా. చుక్క కదల్లేదు. వెళ్ళమంటావా అన్నట్టు దాని మొహంలోకి చూసింది. పెద్దింట్లు తాడు విప్పింది.

"దా దా దా!"

ఎర్రటి నీళ్ళ అంచున నల్లటి బాణం ఒకటి దూసుకుపోయింది. లంకంతా ఊపిరి బిగబట్టి చూసింది. చుక్క దగ్గలేదు.

దోమా దోమా దూరం పో,
చుక్కా చుక్కా నిద్దరపో.
కథ కంచి బాట పట్టింది,
కునుకు మన ఇంటికొచ్చింది.