గోపురం కనిపించే గది

అనకాపల్లిలో గవర్రాజు అనే బట్టల కొట్టు యజమాని ఉండేవాడు. ఏం చేసినా నలుగురికీ చూపించుకోవడానికే చేసేవాడు. కొత్త చెప్పులు కొన్నా సరే, ఫోటో తీసి చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టాకే వాటిలో కాలు పెట్టేవాడు.

ఒక వేసవిలో ఆయన భార్య నూకరత్నంతో ఇంగ్లండు యాత్రకి బయల్దేరాడు. వాళ్లు చూడదలచిన ఊళ్లలో లింకన్ ఒకటి. కొండ మీద వందల ఏళ్లనాటి పెద్ద చర్చి ఉన్న పాత ఊరది. ఆ కొండ కిందే గవర్రాజు పిన్ని కూతురు పుష్పవేణి పదకొండేళ్లుగా కాపురముంటోంది.

"అన్నయ్యా, రెండు రోజులూ మా ఇంట్లోనే ఉండాలి. వదినకి మోకాళ్ల నొప్పులు కదా, మెట్లెక్కే పని లేకుండా మా ఆయన చేత మంచాన్ని కింది అంతస్తు గదిలోకి దింపించాను. ఇన్నేళ్లలో పుట్టింటివాళ్లు ఒక్కరూ నా ఇంట్లో పడుకోలేదు" అని పుష్పవేణి ఫోన్లో తెగ మురిసిపోయింది.

గవర్రాజు ఆ ఇంటిని వీడియో కాల్లో చూసి ఉన్నాడు. ఇరుకు వీధి, ఎదురుగా కార్లు బాగుచేసే షెడ్డు. అక్కడ నిలబడి ఫోటో ఏం తీసుకుంటాం అనుకున్నాడు. చర్చి గోపురం కిటికీలోంచే కనిపించే హోటల్ గది ఒకటి వెతికి పట్టుకున్నాడు. చెల్లెలికి ఫోన్ చేసి, "మేం లింకన్ రావడం లేదమ్మా, యాత్ర కుదించేశాం" అన్నాడు.

"ఆ పిల్ల ఎంత ఆశ పెట్టుకుందో! తెలిస్తే బాధపడదూ?" అంది నూకరత్నం.

"తెలిస్తే కదా" అన్నాడు గవర్రాజు.

హోటల్ ఏ కాలంనాటిదో, లిఫ్టు లేదు. గది నాలుగో అంతస్తులో. నూకరత్నం మెట్టుమెట్టుకీ ఆగి, గోడ పట్టుకుని ఎక్కింది. గవర్రాజు నేరుగా కిటికీ దగ్గరకి వెళ్లి గోపురాన్ని ఫోటో తీశాడు. తీసి ఊరుకుంటే ఆయన గవర్రాజు ఎందుకవుతాడు? గ్రూపులో పెట్టేశాడు. ఆ గ్రూపులో పుష్పవేణి కూడా ఉందన్న సంగతే ఆయనకి తట్టలేదు.

మర్నాడు పొద్దున్న ఎవరో తలుపు తట్టారు. తీస్తే ఎదురుగా, ఉతికిన దుప్పట్లు మోస్తూ పుష్పవేణి. ఆమె ఏదో హోటల్లో పనిచేస్తుందని తెలుసు గానీ, ఏ హోటలో గవర్రాజు ఏనాడూ అడిగిన పాపాన పోలేదు.

"ఫోటో చూడగానే గది పోల్చుకున్నాను అన్నయ్యా. ఆ కిటికీ రోజూ తుడిచేది నేనే" అంది. గొంతులో కోపం లేదు. "చివర్లో ప్లాను మారినట్టుంది, అంతేనా?"

తప్పు ఒప్పుకోవడానికి అంతకన్నా మంచి అదను దొరుకుతుందా? గవర్రాజు ఏమన్నాడో తెలుసా? "అవునమ్మా, ఆఖరి నిమిషంలో మారింది" అన్నాడు. నూకరత్నం తల దించుకుంది. పుష్పవేణి వాళ్ల పక్క సర్దడం మొదలుపెట్టింది. తను పడుకున్న దుప్పటి ఆమె దులుపుతుంటే గవర్రాజుకి తల కొట్టేసినట్టయింది.

"అబద్ధం చెప్పానమ్మా" అన్నాడు చివరికి. "గొప్పకి పోయి నీ ఇల్లు వద్దనుకున్నాను. ఈ పూటే వచ్చేస్తాం, మాకు చోటిస్తావా?"

పుష్పవేణి దిండుకి గలీబు తొడుగుతూ ఆగింది. "భోజనానికి రండి అన్నయ్యా. పడుకోవడానికి మాత్రం కుదరదు. మీరు రారన్నారని, నాతో పనిచేసే అమ్మాయి వాళ్లమ్మ ఊరినుంచి వస్తే ఆ మంచం ఆవిడకిచ్చేశాను. మీకోసం కొన్న కొత్త దుప్పటే పరిచాను" అంది.

ఆ సాయంత్రం చెల్లెలి ఇంట్లో భోంచేసి వచ్చి, నూకరత్నం మళ్లీ ఆ మెట్లన్నీ ఎక్కింది. ఈసారి గవర్రాజు చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. గదిలోకి రాగానే కిటికీ తెర లాగేశాడు. ఆ గోపురం వైపు చూడాలంటేనే ఆయనకి సిగ్గేసింది.

మనకోసం పక్క పరిచి ఎదురుచూసేవాళ్లని కాదని గొప్పల కోసం బస వెతుక్కుంటే, చివరికి మిగిలేది తలవంపులే.