గోడ అవతలి శ్రోత

సన్యాసిదాసు గారికి అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగిన మనిషిని కాసేపు చూసి, "ముందు పాఠం కానీ" అనేవారు. బొబ్బిలిలో ఆయన దగ్గర హరికథ నేర్చుకుంటున్న హైమవతికి ఆ మాట ఆరేళ్లుగా అలవాటే.

హైమవతికి చిన్నప్పటి నుంచి నత్తి. పాడితే రాని తడబాటు మాట్లాడితే వచ్చేది. అలాంటి పిల్ల వేదికెక్కి కథ చెప్పేదాకా ఎలా వచ్చిందో తనే ఒక బ్లాగులో రాస్తోంది. ఎవరూ ఒక్క ముక్క జవాబు రాయలేదు. అసలు ఎవరైనా చదువుతున్నారా అన్నది ఆమెను తొలిచేసేది. ఒక ఉదయం గురువుగారిని అడిగేసింది.

"మాస్టారూ, సైటుకి వచ్చేవాళ్లని లెక్కపెట్టేవి రెండు చూశాను. ఒకటి ఏ పేజీ ఎన్నిసార్లు తెరిచారో చెప్పి ఊరుకుంటుంది. రెండోది వాళ్లది ఏ ఊరో, నిన్న వచ్చినవాళ్లే మళ్లీ వచ్చారో, ఎంతసేపు ఉన్నారో, ఎక్కడిదాకా చదివి వెళ్లిపోయారో అన్నీ చెబుతుంది. ఏది పెట్టమంటారు?"

"నీకేం తెలుసుకోవాలనుంది?"

"అన్నీ!"

ఆయన నవ్వి, "ముందు పాఠం కానీ" అన్నారు.

కీర్తన సగంలో ఉండగా ప్రహరీ గోడ అవతల సైకిల్ ఆగింది. గోడ మీదుగా ఒక తలపాగా మాత్రం కనబడుతోంది. అది రోజూ ఉండేదే. కానీ ఆ రోజు హైమవతి మనసు ఆగలేదు. చరణం ముగియగానే, గురువుగారు ఏదో అనబోతున్నా వినకుండా, వీధిలోకి పరుగెత్తింది.

నలభై ఏళ్ల మనిషి. సైకిల్‌కి రెండు పాల క్యాన్లు. ఆమె సంతోషం పట్టలేకపోయింది.

"రోజూ వింటున్నారు కదండీ! ఏ ఊరు మీది? ఏ ఘట్టం నచ్చింది? మీ పేరేమిటి?"

అతను నోరు తెరిచాడు. "స... స..." మెడ నరాలు బిగుసుకున్నాయి. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. మాట రాలేదు. ఆ మూసుకున్న కళ్ల వెనక ఏముంటుందో హైమవతికి తెలిసినంతగా మరొకరికి తెలియదు. ఆమె ఏదో చెప్పేలోపే అతను తల దించుకుని సైకిల్ తోసుకుంటూ వెళ్లిపోయాడు.

మర్నాడు రాలేదు. ఆ వారమంతా రాలేదు. జరిగింది చెబితే గురువుగారు "అలాగా" అని మాత్రం అన్నారు.

ఇంటికెళ్లి హైమవతి, ఏ పేజీ ఎన్నిసార్లు తెరిచారో మాత్రం చెప్పే ఆ మొదటిదే బ్లాగులో పెట్టుకుంది. తెల్లారి చూస్తే, తన పేరు తను చెప్పలేకపోయిన రోజు గురించి రాసిన పేజీని తొమ్మిదిసార్లు తెరిచారని ఉంది. ఎవరు? ఏ ఊరి నుంచి? ఒకరే తొమ్మిదిసార్లా, తొమ్మిది మందా? ఆ అంకె అంతకు మించి చెప్పదు. తర్వాత మైకు ముందు కూర్చుని, పేరును ముందు రాగంలో పెట్టి, మెల్లగా మాటలోకి దింపుకోవడం ఎలాగో తన గొంతుతో చెప్పి ఆ పేజీలో చేర్చింది.

అతను వెళ్లిపోయిన పద్దెనిమిదో రోజున గోడ అవతల మళ్లీ సైకిల్ ఆగింది. హైమవతి మెడ తిప్పబోయి ఆపుకుంది. చూపు చిడతల మీదే నిలిపి, ఘట్టం చివరిదాకా పాడింది. పాల క్యాన్ల చప్పుడు సందు మలుపు తిరిగాక అడిగింది:

"ఎన్నాళ్లుగా వస్తున్నారు మాస్టారూ ఆయన?"

"రెండేళ్లవుతుంది."

"రెండేళ్లలో ఒక్కసారైనా ఎవరని అడగలేదా?"

"లేదమ్మా" అన్నారు సన్యాసిదాసు గారు, గజ్జెలు విప్పుకుంటూ. "గోడ దాకా వినపడేలా పాడాను."