చిటికెన వేలు

"ఎంత చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది మాస్టారూ" అన్నాడు చిన్నంనాయుడు.

పిల్లలకు మానవహక్కుల పాఠం ఎలా చెప్పాలో బడిపంతుళ్లకు నేర్పడం అతని పని. మూడేసి రోజుల శిక్షణ. పంతుళ్లు వింటారు, రాసుకుంటారు, చప్పట్లు బాగానే కొడతారు. సోమవారం బడికి వెళ్లి మళ్లీ బెత్తం అందుకుంటారు. లోపం ఎక్కడుందో తెలియక, చిన్నప్పుడు తనకు చదువు చెప్పిన గవరయ్య మాస్టారి దగ్గరికి వచ్చాడు.

మాస్టారికి ఎనభై దాటాయి. అంతా విని, "రేపు నేనూ వచ్చి కూర్చుంటాన్రా" అన్నారు.

మర్నాడు వచ్చి వెనకవరసలో, తలుపు పక్క కుర్చీలో కూర్చున్నారు. నాయుడిది ఒకటే కట్టుబాటు. పాఠం అయ్యేదాకా ఎవరూ లేవకూడదు. అతణ్ణీ తప్పుపట్టలేం, టీ కోసం జారుకోవడంలో మన పంతుళ్లది అందె వేసిన చెయ్యి.

ఆ పూట పాఠం, మనిషి మర్యాద. నాయుడు మంచి ఊపులో ఉన్నాడు. మాస్టారు మెల్లగా లేచి నిలబడి, బయటికి వెళ్లాలని అడిగే పిల్లాడిలా చిటికెన వేలు ఎత్తారు. హాలంతా నవ్వింది. మాస్టారు తమాషా చేస్తున్నారనుకుని నాయుడూ నవ్వాడు.

"ఐదు నిమిషాలు ఓపిక పట్టండి మాస్టారూ, అయిపోవచ్చింది."

ఐదు కాస్తా ఇరవై అయ్యాయి. మాస్టారికి షుగరని నాయుడికి తెలుసు. మాటల్లో పడి ఆ సంగతి గుర్తే రాలేదు, అటు చూడనూ లేదు.

పాఠం అయింది. చప్పట్లు మోగాయి. అవి ఆగాక వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నాయుడు తలెత్తి చూశాడు.

మాస్టారు ఇంకా నిలబడే ఉన్నారు. వేలు ఎత్తే ఉంది. పంచె తడిసి, కాళ్ల వెంట నేలమీదికి కారుతోంది.

నాయుడి ప్రాణం చచ్చిపోయింది. అందర్నీ బయటికి పంపేసి, తన తువ్వాలు తెచ్చి మాస్టారి నడుముకు చుట్టాడు.

"పైడితల్లి అని, మూడో తరగతి పిల్ల" అన్నారు మాస్టారు. "ఇలాగే వేలెత్తింది. లెక్క అయ్యేదాకా ఆగమన్నాను. ఆగలేకపోయింది. పిల్లలంతా నవ్వారు. నేనూ నవ్వాన్రా నాయుడూ."

"తర్వాత?"

"మరి బడికి రాలేదు. వాళ్లింటికెళ్లి బతిమాలాను. నన్ను చూసి మంచం కిందికి దూరిపోయింది. నలభై ఆరేళ్లయింది. ఆ నవ్వినందుకు ఇప్పటికీ ఏడుపొస్తుంది."

నాయుడు తువ్వాలు ముడి బిగించాడు.

"నేను తప్పే చేశాను. కానీ తలుపు మీ పక్కనే ఉంది కదా మాస్టారూ, వెళ్లిపోవలసింది."

"పైడితల్లి పక్కనా ఉందిరా తలుపు."

మర్నాడు నాయుడు అందరికంటే ముందొచ్చాడు. తలుపు బార్లా తీసి, మూసుకోకుండా ఒక ఇటుక అడ్డం పెట్టాడు. దుమ్మొస్తోందని, లారీల మోతకి పాఠం వినబడటం లేదని పంతుళ్లు గొణిగారు. అతను కాస్త గొంతు పెంచి చెప్పాడు, అంతే.