ఎర్ర చుక్క పడిన ఇల్లు

పారమ్మను ఎవరైనా ప్రశ్న అడిగితే ఆమె మొదట చెప్పులు వెతుక్కుంటుంది. కూర్చుని జవాబు చెప్పడం ఆమెకు చేతకాదని కొందరూ, కూర్చుని చెప్పిన జవాబు మీద ఆమెకు నమ్మకం లేదని కొందరూ అంటారు. పార్వతీపురం కొండల దిగువన ఆడవాళ్ళ సంఘాన్ని ఇరవై ఏళ్ళుగా నడుపుతున్న మనిషి. చదువు సంతకం వరకే. అయినా ఆమె దగ్గర పని నేర్చుకోవడానికి సముద్రాలు దాటి కూడా వస్తారు.

మలావీ దేశం నుంచి చికొండి అనే అధికారి అలాగే వచ్చింది. ఊరివాళ్ళు ఆ పేరును చక్కగా కొండమ్మగా దిద్దుకున్నారు. ఏడు నెలల్లో తెలుగు పట్టేసింది గానీ, అది పుస్తకాల తెలుగు. సంఘం పద్ధతి నేర్చుకుని తన దేశంలోని పేద ఇళ్ళకు చేర్చాలని ఆమె తపన. చెప్పుకుంటే ఆ పద్ధతి చిన్నదే. సంఘంలో ఉన్న పేద ఇంటికి నెలకొక బియ్యం మూట ఇస్తారు, ఆ ఇంటి పిల్లలు బడికి వెళ్ళాలి. నెలలో వారం రోజులు బడి మానితే పట్టీలో ఆ ఇంటి పేరు పక్కన ఎర్ర చుక్క పెడతారు. చుక్క పడిన ఇంటివాళ్ళు మూట కోసం రానక్కర్లేదు. సంఘం మనిషే ఆ మూట మోసుకుని వాళ్ళింటికి వెళ్ళి సంగతి కనుక్కుని రావాలి.

పుష్యమాసంలో ఒక మధ్యాహ్నం చికొండి పరుగున వచ్చింది. చేతిలో ఫోను.

"అమ్మా, మా దేశంలో ఊళ్ళు దూరం, పనివాళ్ళు తక్కువ. ఇంటింటికీ వెళ్ళడం మావాళ్ళ వల్ల కాదట. చుక్క పడితే బియ్యం ఆపేస్తే చాలదా? భయంతోనైనా పిల్లల్ని పంపుతారు కదా. ఈ సాయంత్రంలోగా నేను జవాబు చెప్పాలి."

పారమ్మ చెప్పులు వెతుక్కుంది. "మూటెత్తుకో. తవుడింటికి సుక్క పడినాది," అంది.

తవుడి ఇల్లు సంఘంలో చేరి రెండు నెలలే అయింది. అతని కూతురు ఎర్నమ్మ తొమ్మిది రోజులుగా బడికి రావడం లేదు. మూట నెత్తిన పెట్టుకుని, అక్కడివాళ్ళు గెడ్డ అనే వాగు దాటి కొండదారి ఎక్కేసరికి చికొండి మెడ పట్టేసింది. మావాళ్ళు చెప్పింది నిజమే, ఇది ఎవరివల్లా అయ్యే పని కాదు అనుకుంది.

వాళ్ళు చేరేసరికి పొద్దు వాలిపోయింది. వీధి చివర ఇటుకబట్టీ లారీ ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. తవుడు గిన్నెల మూట లారీలోకి విసిరి వెనక్కి తిరిగాడు. వీళ్ళను చూడగానే అతని ముఖం మాడిపోయింది.

"బియ్యం ఆపీసినామని సెప్పడానికొచ్చేరా? బట్టీ మేస్త్రీ ముందే సెప్పేడు, సుక్క పడితే ఇంక గింజ రాదని. పిల్లతో సహా ఎల్లిపోతన్నాం. అక్కడైతే ఇద్దరికీ పనుంది."

చికొండికి ఒళ్ళు మండింది. పన్నెండేళ్ళ పిల్లను బట్టీకి తోలుకుపోయే తండ్రికి బియ్యం ఎందుకివ్వాలి? ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. పారమ్మ మాత్రం తీరిగ్గా గుమ్మం దాటి లోపలి గట్టు మీద కూర్చుంది.

"ఎర్నమ్మా, దాహమేస్తంది. మంచినీళ్ళియ్యే."

మేస్త్రీ హారన్ మోగించాడు. ఇంట్లో మసక చీకటి. పిల్ల గోడ తడుముకుంటూ కుండ దాకా వెళ్ళింది. నీళ్ళు ముంచింది. వంచింది. నీళ్ళన్నీ గ్లాసు పక్కన నేల మీద పడ్డాయి. ఆ సంగతి తెలియక ఖాళీ గ్లాసునే, పారమ్మ లేని వైపు చాచింది.

పారమ్మ లేచి ఆ గ్లాసు అందుకుంది.

"ఎన్నాళ్ళ నుంచే?"

"ఈ సలికాలం నుంచి," అంది పిల్ల, ఏడుపు ఆపుకుంటూ. "బడి ఇడిసి వచ్చేసరికి సీకటడిపోతంది. దారి కనపడదు. రెండుసార్లు గెడ్డ నీళ్ళలో పడిపోనాను. అందుకే మానీసినాను. సెప్తే బడిలో పేరు కొట్టీసి, బియ్యం ఆపీస్తారని బయమేసినాది."

భయం. మధ్యాహ్నం తాను అన్న మాటే చికొండి చెవిలో మోగింది. కిందటి నెల ఆమె, ఈ పద్ధతి కొత్తగా మొదలైన తన జిల్లాలోని కొన్ని ఊళ్ళలో, పరీక్షగా చూద్దామని, చుక్క పడిన ఇళ్ళకు బియ్యం ఆపమని ఇక్కడి నుంచే కాగితం మీద సంతకం చేసి పంపింది. ఆ ఇళ్ళకు ఎవరూ వెళ్ళలేదు. నెత్తి మీది మూటను దించి తవుడి గుమ్మం లోపల పెట్టింది.

"రేచీకటి," అంది పారమ్మ తవుడితో. "మందుంది. పొద్దుట నర్సమ్మ కాడికి నేను తీసుకెల్తాను. మునగాకు, బొప్పాయి పెట్టు. బియ్యం ఇయిగో. సాయంత్రాలు గెడ్డ దాటించే పని నీది."

లారీ కదలబోతోంది. మేస్త్రీ బూతులు మొదలెట్టాడు. తవుడు బియ్యం మూట వైపు ఒకసారి, కూతురి వైపు ఒకసారి చూసి లారీ దగ్గరికి పరుగెత్తాడు. పిల్ల తండ్రి అడుగుల చప్పుడు దూరమవుతుంటే వింటూ గోడకు అతుక్కుపోయింది. తవుడు లారీ చక్రం మీద కాలు పెట్టి ఎక్కాడు. గిన్నెల మూట నేల మీద పడిన చప్పుడైంది. వెంటనే అతనూ దూకాడు. లారీ వాళ్ళను వదిలేసి వెళ్ళిపోయింది.

దిగువకు నడుస్తుంటే ఫోను మోగింది. చికొండి దాన్ని పట్టుకుని నిలబడిపోయింది.

"అమ్మా, బరువు మోయలేమంటున్న వాళ్ళకు ఏం చెప్పను?"

పారమ్మ ఆగలేదు. ముందు నడుస్తూనే అంది:

"బరువైతే మూటలో సగం తీసీమను. గుమ్మంలోకెల్లి మంచినీళ్ళడగడం మాత్రం మానొద్దను."